లిస్టులో మిగిలిన మాటలు

ఫోన్లు బాగుచేసే ఆయన్ని అందరూ సిగ్నల్ బావ అనేవారు. మిల్లు గేటు ఎదురుగా టీ బల్ల మీద కూర్చున్నాడంటే టీ చల్లారేది గానీ ఆయన నోరు చల్లారేది కాదు. ఆ పొద్దున వరద కథ ఎత్తుకున్నాడు. టీ కాచే ఆవిడ గ్లాసులు కడుగుతూ చెవి అటే పెట్టింది. ఆమె భర్త నీళ్ల పంపు నడిపేవాడు, ఆ వరదలోనే పోయాడు. పోయే ముందు ఆమెకని ఫోన్లో ఏవో మాటలు రికార్డు చేసి పంపాడట. ఆమెది బటన్ల ఫోను, అందులోకి రాలేదు. బావని అడగాలనుకుంటూనే నోరు పెగలక ఏడాది గడిపేసింది.

"టవరు కూలింది కదా, నేనేం చేశానో తెలుసా? గోడ మీంచి గిన్నె అందించుకున్నట్టు ఒక ఫోన్లోది పక్క ఫోన్లోకి అందేలా చేశా. ఎవరి దగ్గర ఏముందో అందరి ఫోన్లలోనూ ఒక లిస్టు. ముందు ఒక ముసలమ్మ మందుల చీటీ వెతికిపెట్టా. చిన్న పనేలే."

"అది మాత్రం నిజం," అన్నాడు ఆటో అతను.

ఆ ఒక్క మాటకే బావకి రెక్కలొచ్చాయి. చీటీ కాస్తా ఆస్పత్రిలో ఉన్న చీటీలన్నీ అయింది. ఏటి అవతలి ఫోన్లు కూడా ఆయన్నే వెతుక్కుంటూ వచ్చాయన్నాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? కొట్టుకుపోయిన ఫోన్ని ఒక చేప మింగేసింది. అది ఒడ్డుకొస్తే నా లిస్టులో ఒక పాట కనపడేది, లోపలికెళితే మాయం. మూడు రోజులు కాపు కాసి, చేప ఈదుతుండగానే పాటంతా లాగేశా."

"ఏం పాట బావా?"

"తడిసిపోయింది, పోల్చుకోలేకపోయా. నా లిస్టుకెక్కిందంటే యముడు కూడా తుడవలేడనుకో."

గ్లాసుల చప్పుడు ఆగింది.

"అన్నయ్యా, మా ఆయన మాటలు అందులో ఉన్నాయా?"

నవ్వుతున్నవాళ్లు నవ్వు మింగేశారు. బావ ఫోన్ తీసి చాలాసేపు వెతికాడు. లిస్టులో ఆ వరుస దొరికింది: పంపు ఆయన, ఇంటావిడకి, రెండు నిమిషాలు. ఆమె తడి చేతులు కొంగుకి తుడుచుకుని దగ్గరికొచ్చింది.

"ఎవరి దగ్గరున్నాయట?"

బావ స్క్రీను తనవైపు తిప్పుకున్నాడు. ఆటో అతనే తొంగి చూశాడు. "నీ దగ్గరున్నాయనే ఉంది కదా బావా."

బావ నొక్కాడు. ఏమీ రాలేదు. మళ్లీ నొక్కాడు. ఫోన్లో చోటు చాలక వరదనాటివన్నీ ఎప్పుడో తీసేశానని, లిస్టు పెద్దగా చోటు తినదు కాబట్టి దాన్ని వదిలేశానని గొణిగాడు.

"నా దగ్గరా ఉండేవి," అన్నాడు ఆటో అతను. "మొగుడూ పెళ్లాల మాటలు మనకెందుకని వినలేదు. నీ దగ్గరున్నట్టు లిస్టులో చూసి, నువ్వు వినిపించే ఉంటావులే అని నావి తీసేశా."

పక్కనే టీ తాగుతున్న మిల్లు వాచ్‌మన్ తల దించుకున్నాడు. ఆయనా అదే చేశాడు.

బావ ఆమె ముఖం చూడలేకపోయాడు. "నేను విన్నాను చెల్లెమ్మా. ఏమన్నాడో తెలుసా..."

"వద్దన్నయ్యా," అందామె. "నువ్వు చెప్తే నేను నమ్మేస్తాను."