చింతపండుతో తోమిన కత్తి

హుస్సేనీ ఆలంలో పాత ఆయుధాల దుకాణం. తాత బర్మా యుద్ధం నుంచి తెచ్చిన జపాన్ కత్తిని ఆమె బల్ల మీద పెట్టింది. అది ఎప్పటిదో, ఎక్కడిదో తెలుసుకుందామని వచ్చింది, అమ్మడానికి కాదు. దుకాణదారు పిడి ఊడదీశాడు.

“పిడి యుద్ధం నాటిదే అక్కా. కత్తి మాత్రం మస్తు పాతది. పిడి లోపల దాగిన కత్తి మొదలుకు పట్టిన తుప్పు చూడు, బొగ్గు లెక్కున్నది. గింత నల్లబడాలంటే మూడు నాలుగొందల ఏండ్లు పడ్తది.”

“మరి ముఖం గట్ల పెట్టినవేంది భాయ్?”

“కత్తి మీద అలల గీతలుండాలె. అవి చూస్తేనే ఏ సీమ కమ్మరి చేసిండో తెలుస్తది. అన్నీ అరిగిపోయినయి. దేంతోని తోమిన్రు?”

“చింతపండు, బూడిద. ఏటా దసరాకు, ఆయుధపూజకు.”

“యా అల్లా! పిడి ఇప్పలేదు గాబట్టి గా తుప్పన్న మిగిలింది. ఇగ నాకియ్యి అక్కా, అద్దాల పెట్టెల పెడ్త. మీ ఇంట్ల ఉంటే ఖతమే.”

“ఇయ్య.”

“జిద్దు చెయ్యకు. దీని విలువ మీకు తెల్వది.”

“తెల్వకనే తోమినం. ఇగ తోమం, నూనె రాస్తం. దసరాకు బొట్టు పెట్టుడు మాత్రం బంద్ చెయ్యం. గిన్ని వందల ఏండ్లల్ల దీన్ని పట్టుకున్నోళ్లందరూ నరకనీకె పట్టుకున్నరు భాయ్. మొక్కింది మేమే. పిడి బిగియ్యి.”