ఆఖరి రౌండుకి జోస్యం

మధ్యాహ్నం మూడున్నర దాటింది. భోజనాల బల్ల మీద ఒక వైపు లాప్‌టాప్, ఇంకో వైపు ఉతికిన బట్టల గుట్ట. ఆయన పత్రికలో చదరంగం శీర్షిక రాస్తాడు. ఆమె ఆయన భార్య.

"అదంతా కాదు, ఒక్క ముక్క చెప్పు చాలు. కప్పు కొట్టేది గడ్డం వాడా, కళ్ళజోడు వాడా?"

"ముందు ఈ దుప్పటి కొస పట్టుకోండి."

"పట్టుకున్నా. చెప్పు."

"లాగి పట్టుకోండి. ముడతలు పడుతున్నాయి."

"నాలుగింటికల్లా పంపాలి. రేపు ఆఖరి రౌండు. పొద్దున్నే జనం ముందు నా జోస్యం చూసి గానీ మిగతా పేపరు చదవరు."

"మీ జోస్యం."

"అబ్బా, మొదలెట్టావా?"

"నేనేమన్నాను? మీ మాటే మీకు చెప్పా."

"ఎనిమిది రౌండ్లూ చూశావు కదా. నేను ఆఫీసులో ఉంటే నువ్వు టీవీ ముందు నుంచి కదల్లేదు."

"కదలకపోతే మీ చొక్కాలు ఎవరు ఇస్త్రీ చేశారు? కూరలు తరుగుతూ చూశా. మీ అమ్మగారి కాళ్ళకి మందు రాస్తూ చూశా."

"సరే, సరే. గడ్డం అర పాయింటు ముందున్నాడు. తెల్లపావులు. డ్రా చేసుకున్నా కప్పు అతనిదే. కళ్ళజోడు నల్లపావులతో గెలిచి తీరాలి. ఇంతవరకూ నాకూ తెలుసు."

"ఇంతవరకూ పాలవాడికీ తెలుసు."

"వెక్కిరించకు. ఏడేళ్ళలో ఎన్ని తప్పాయి మనకి?"

"ఒక్కటి. మా అక్క ఆపరేషన్‌కి నేను వెళ్ళినప్పుడు. ఆ ఒక్కటీ మీ సొంతం."

"ఇది కూడా నిజమైతే టీవీ వాళ్ళు వచ్చే పోటీకి నన్ను వ్యాఖ్యానానికి కూర్చోబెడతామన్నారు. తెలుసా?"

"అక్కడ అప్పటికప్పుడు చెప్పాలి. నన్ను జేబులో పెట్టుకెళ్తారా?"

"అప్పటి సంగతి అప్పుడు."

"ఏమండీ, ఈసారి నా పేరు వెయ్యండి."

"ఎక్కడ?"

"జోస్యం కింద. మీ పేరు తియ్యొద్దు. పక్కన నాది."

"నాకేం అభ్యంతరం? నువ్వొకటి, నేనొకటా? కానీ ఎడిటర్..."

"అడిగారా?"

"అడక్కేం? ఎన్నిసార్లో అడిగా. ససేమిరా అన్నాడు."

"ఏమని?"

"ఇంట్లో ఉండే ఆడమనిషి పేరు వేస్తే పాఠకులు నవ్వుతారట. నీలా కాలేజీలో చదరంగం కప్పులు కొట్టినవాళ్ళు వీధికొకరు ఉంటారన్నాడు. నా మాట కాదు, ఆయన మాట."

"వీధికొకరా?"

"ఆయన మాటే అంటున్నాగా!"

"పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదంటారు. మీకు ఏడేళ్ళుగా పనికొస్తూనే ఉంది. చెట్టు పేరే ఎవరికీ చెప్పరు."

"ఇప్పుడా పురాణమంతా ఎందుకు?"

"ఊరికే. అన్నట్టు మీరు నా మీద ఎప్పుడైనా గెలిచారా?"

"గుర్తులేదు."

"నాకు గుర్తుంది. గెలవలేదు."

"మూడు నలభై! చెప్తావా, నా తల రాత నన్నే రాసుకోమంటావా?"

"గడ్డం."

"గడ్డమా?"

"ఊఁ. డ్రా చేసుకుని కప్పు పట్టుకెళ్తాడు."

"కారణం?"

"అర పాయింటు ముందున్నాడు. తెల్లపావులు."

"అది పాలవాడికీ తెలుసన్నావు!"

"పాలవాడు చెప్తే అబద్ధమైపోతుందా? రాసుకోండి."

"రాస్తున్నా, రాస్తున్నా... 'ఆఖరి రౌండులో అనుభవానిదే పైచేయి.' ఎలా ఉంది?"

"బావుంది. ఆ వాక్యం అచ్చంగా మీదే."

"హమ్మయ్య, పంపేశా. నీకు నిజం చెప్పనా? భయంగా ఉంది. ఎడిటర్ ఈ మధ్య ముభావంగా ఉంటున్నాడు. ఇది తప్పితే టీవీ మాట అటుంచు, శీర్షికే పీకేస్తాడు."

"అంతదాకా వచ్చిందా?"

"నీకెందుకులే అని చెప్పలేదు. నువ్వుండగా ఎందుకు తప్పుతుందిలే. స్నానం చేసొస్తా. ఫోన్ మోగితే ఎత్తకు, నేనొచ్చి చూసుకుంటా."

"ఏమండీ..."

"వచ్చాక, వచ్చాక."

"ఏమండీ! తలుపు తియ్యండి ఒకసారి. గడ్డం డ్రా చెయ్యడు, ఓడిపోతాడు! బాగా ఆడే రోజు ఎత్తు వేసి లేచి తిరుగుతాడు. రెండు రౌండ్ల నుంచీ కుర్చీకి అతుక్కుపోయాడు. భయపడుతున్నాడు! కోపంలో మీకు కావాలనే తప్పు చెప్పా. వినపడుతోందా?"

"ఏంటీ? నీళ్ళు పడుతున్నాయి! ఏదైనా తర్వాత!"

"తర్వాతంటే అచ్చుకి వెళ్ళిపోతుంది! ... అయ్యో, ఫోను."

"హలో, సార్ ఉన్నారా? ఎడిటర్ని."

"స్నానానికి వెళ్ళారండి. మంచి సమయానికి చేశారు. ఇప్పుడు పంపిన దాంట్లో ఒకటి మార్చాలి. అది—"

"ఆగండాగండి, మేడమా? సార్ భార్యేనా?"

"అవునండి. ఆ జోస్యంలో..."

"మీతో మాట్లాడాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నా! జోస్యం మీదేనని నాకు తెలుసు మేడమ్. ఆ ఒక్కసారి తప్పినప్పుడు ఆయనే నోరు జారారు, 'ఆవిడ ఊళ్ళో లేదు' అని. అప్పట్నుంచీ పోరుతున్నా, శీర్షిక మీ పేరు మీదే నడుపుదామని."

"మీరా? మీరు పోరుతున్నారా?"

"ప్రతి పోటీకీ. మీరే వద్దంటున్నారటగా. పేపర్లో పేరు పడితే పరువు తక్కువని ఏడ్చారట కూడా. అందుకే గట్టిగా అడగలేకపోయా."

"ఏడ్చానా?"

"సార్ అలాగే చెప్పారు. మేడమ్? లైన్లో ఉన్నారా?"

"ఉన్నానండి."

"పోనీ ఇప్పుడైనా ఒప్పుకోండి. ఈ శీర్షికకే మీ పేరు వేసేస్తా. పేజీ వెళ్ళడానికి ఇంకా పది నిమిషాలుంది."

"దీనికి వద్దండి. ఎల్లుండి ఫోన్ చెయ్యండి, మాట్లాడదాం."

"తప్పకుండా. అన్నట్టు ఏదో మార్చాలన్నారు, ఏంటది?"

"పెద్ద విషయమేం కాదండి. ఆయన పేరు చిన్నగా వేస్తున్నారు, కనపడట్లేదు. రేపు కాస్త పెద్ద అక్షరాల్లో వెయ్యండి."