ఓర్విల్ వదిలివెళ్ళిన యాభై తూటాలు

మిత్రులారా, పెద్దలారా, వెర్నా గారూ,

ఇవి దూడలు పుట్టే రోజులు. ఈ రోజుల్లో ఒక్క పూట కొట్టం వదిలి రావడం ఎంత కష్టమో నాకు తెలుసు. అయినా వచ్చారు. కొండ అవతలి నుంచి బురదలో రెండేసి గంటలు బండ్లు నడుపుకుంటూ వచ్చారు. కుర్చీలు చాలక గోడల వెంట నిలబడ్డారు. మన టెన్ మైల్ రైఫిల్ క్లబ్బు హాలు ఇంతమందిని ఎన్నడూ చూడలేదు. ఓర్విల్ స్టెన్స్‌రుడ్ గారే ఉండి ఉంటే ఈ జనాన్ని చూసి మొదట అడిగే మాట ఒక్కటే. "తుపాకులు ఖాళీ చేసే వచ్చారా?"

ఖాళీ చేసే వచ్చాం, ఓర్విల్ గారూ. మీరు నేర్పినట్టే, ఒకటికి రెండుసార్లు చూసుకునే వచ్చాం.

పోయిన మంగళవారం పొద్దున ఆయన వెళ్ళిపోయారు. ఎనభై ఒక్క ఏళ్ళు. నిండు జీవితమే కదా అన్నారు ఎవరో. కాదనను. అయితే మాత్రం బాధ తగ్గుతుందా? నాకు తగ్గలేదు. మంగళవారం నుంచి ఆయన గరాజు ముందు బండి ఆపుతున్నాను, దిగలేక వెళ్ళిపోతున్నాను.

నన్ను ఎరగనివాళ్ళ కోసం చెబుతున్నాను. నా పేరు గ్లెండా మారో. స్కూలు బస్సు నడుపుతాను. పద్నాలుగేళ్ళ కిందట ఓర్విల్ గారి దగ్గర తూటాలు నింపడం నేర్చుకున్నాను. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమరు పెట్టి, తుపాకి మందు తూచి పోసి, మూతికి గుండు బిగించే పని. ఈ హాల్లో ఉన్నవాళ్ళలో ముప్పై మందైనా ఆ గరాజులో, ఆ బల్ల దగ్గరే ఆ పని నేర్చుకున్నారు. మనకది ఆదివారం సరదా. ఆయన దాన్ని సరదా అనేవారే గానీ, సరదాగా చేయనిచ్చేవారు కాదు.

ఇక్కడ ఆయన ఫోటో పక్కన ఒక ప్లాస్టిక్ పెట్టె ఉంది. చూశారు కదా? అందులో యాభై తూటాలున్నాయి. ఓర్విల్ గారు తన చేత్తో నింపిన చివరి యాభై. నాలుగు రోజుల కిందట ఆయన అలమారలో వెనకాల దొరికాయి. ఈ సభ అయ్యాక బయట కాల్పుల రేంజిలో వాటితోనే ఆయనకు తుపాకి వందనం చెయ్యాలని ఆయన భార్య వెర్నా గారు అనుకున్నారు. మూడు రోజుల కిందట నా చెయ్యి పట్టుకుని అడిగారు. "నలభై ఏళ్ళు ఆ గరాజు గోడ ఇవతల కూర్చుని ఉన్నానే, గ్లెండా. ఆయన చేతి చప్పుడు ఒక్కసారి వినాలని ఉంది. ఆయన దగ్గర నేర్చుకున్నదానివి. నువ్వు సరేనంటే సరే, వద్దంటే వద్దు."

మూడు రోజులుగా జవాబు చెప్పలేకపోయాను. భర్త కోసం ఒక భార్య అడిగిన కోరిక అది. ఏ నోటితో చెప్పను? ఇవాళ చెబుతాను. కానీ ఆ జవాబు నాది కాదు, ఆయనది. అందుకని ముందు ఆయన ఎలాంటి మనిషో చెప్పనివ్వండి.

మా తాతగారి రైఫిలు ఒకటి నా చేతికొచ్చింది. దాని తూటాలు ఏ దుకాణంలోనూ దొరకవు, తయారుచెయ్యడం మానేసి తరం గడిచింది. గోడకి తగిలించుకుని చూసుకోవాలి, లేదా తూటాలు నేనే నింపుకోవాలి. ఓర్విల్ గారి తలుపు తట్టాను. ఒక్క మధ్యాహ్నంలో నేర్చేసుకుంటానని నా ధీమా. ఎన్ని రోజులు పట్టిందనుకున్నారు? మొదటి వారం పుస్తకం చదివించారు, పైకి, పలక పట్టిన పిల్లలా. రెండోవారం ఇత్తడి గొట్టాలు కడిగించారు, ఆరబెట్టించారు, ఒక్కోదాన్నీ వెలుతురుకి పట్టి చీలికలున్నాయేమో చూడమన్నారు. మూడోవారం పొడవులు కొలిపించారు. మందు డబ్బా మూత కూడా తియ్యనివ్వలేదు. నేను విసుక్కుంటే ఆయన అన్న మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "అమ్మాయ్, వంట నేర్చుకునేప్పుడు పాడుచేస్తే కూర పారబోస్తాం. ఇక్కడ పాడుచేస్తే వేళ్ళు పారేసుకుంటాం. నీకు బస్సు తిప్పడానికి వేళ్ళు కావాలా, అక్కర్లేదా?"

ఆ గరాజులో రేడియో లేదు, బీరు లేదు, కబుర్లు లేవు. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బాయే ఉండాలి. రెండోది కనిపించిందా, ఆయన లేచి నిలబడేవారు. యాభై గుంటల చెక్కలో గొట్టాలు వరసగా నిలబెట్టి, మందు పోశాక, గుండు పెట్టేముందు టార్చి వేసి ఒక్కోదానిలోకీ తొంగి చూడాలి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే? పోసినదంతా వెనక్కి పోసి మళ్ళీ మొదటి గొట్టం నుంచి. అందుకే వెర్నా గారు భోజనానికి కేకేసేవారు కాదు. వంటింటి ఎర్ర తువ్వాలు తెచ్చి గరాజు తలుపు మేకుకి తగిలించి వెళ్ళిపోయేవారు. ఆయన తల ఎత్తినప్పుడు చూసుకునేవారు. "మా ఇంట్లో వేడికూర తినే యోగం పిల్లికి తప్ప ఎవరికీ లేదు" అనేవారు వెర్నా గారు. నవ్వుతున్నారు చూడండి. నవ్వండి వెర్నా గారూ, ఫరవాలేదు.

నెల తర్వాత నా మొదటి తూటా కాల్చడానికి ఇదే రేంజికి వచ్చాం. ట్రిగ్గరు నొక్కాను. టక్‌మంది. పేలలేదు. సిగ్గుతో నా మొహం ఎర్రబడింది. గబుక్కున బోల్టు తియ్యబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. ఆ పట్టు ఇప్పటికీ నా చేతికి గుర్తే. "ఆగు. తుపాకి మూతి కొండవైపే ఉంచు. మాట్లాడకు. ముప్పై దాకా లెక్కపెట్టు. లోపల నిప్పు ఇంకా రాజుకుంటూ ఉండొచ్చు. పేలనంత మాత్రాన పనైపోయిందనుకోకు." ముప్పై లెక్కపెట్టాం. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. ప్రైమరు సరిగా కూర్చోలేదు, అంతే. కానీ ఆ అర నిమిషంలో నేను నేర్చుకున్నది ఆ నెలంతటిలోనూ నేర్చుకోలేదు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెప్పుకోవాలి. పది మందిలో చెప్పడం ఇదే మొదటిసారి.

రెండేళ్ళు గడిచాయి. చెయ్యి తిరిగింది, పొగరు కూడా పెరిగింది. ఆరోజు మా తాతగారి రైఫిలు తూటాలు పూర్తిచేశాను. మందు కొలిచి పోసే పరికరంలో ఇంకా కొంత మిగిలింది. దాన్ని దాని డబ్బాలో పోసేసి, ఆ డబ్బా లోపల పెట్టి, అప్పుడు రెండో డబ్బా తియ్యాలి. నేను ముందే డబ్బా మార్చేశాను. ఆ తర్వాత మిగిలిన మందు, బల్ల మీద ఏది ఉంటే అందులో పోసేశాను. రెండూ నల్లటి పలుకులే. కంటికి ఒకటే. ఒకటి మెల్లగా మండుతుంది, ఇంకొకటి భగ్గున మండుతుంది. కలిశాక వాటిని విడదీయగల మొనగాడు భూమ్మీద లేడు.

ఇంటికెళ్ళి పడుకున్నాక అనుమానం మొదలైంది. పొద్దున బస్సులో పిల్లల్ని ఎక్కించుకుంటూ ఉంటే అది అనుమానం కాదని తేలిపోయింది. చెప్పాలా? తేలు కుట్టిన దొంగలా ఊరుకుంటే ఎవరికి తెలుస్తుంది? పైగా అప్పట్లో మందు దొరకడమే గగనం. ఆ డబ్బా కోసం ఆయన ఎనిమిది నెలలు ఎదురుచూశారు. పిల్లల్ని బడిలో దింపి, బస్సు తిన్నగా ఆయన ఇంటిముందు ఆపాను. ఆయన అప్పటికే ఆ డబ్బాలోంచి తీసి యాభై నింపేశారు. చెప్పాను.

తిట్టారా? లేదు. డబ్బా తీసుకుని పెరట్లోకి నడిచారు. కోళ్ళకి గింజలు జల్లినట్టు ఆ మందంతా పచ్చిక మీద పలచగా జల్లేశారు. తర్వాత ఆ యాభై తూటాలూ నా ముందు పెట్టారు. తూటా విప్పడానికే చేసిన బోలు సుత్తిలో ఒక్కోదాన్నీ బిగించి, నేలకేసి కొట్టి, గుండు ఊడదీసి, మందు వేరు చేసి... మధ్యాహ్నం దాకా ఇద్దరం అదే పని. ఆ జూన్‌లో వెర్నా గారి పెరట్లో ఆ మేరకు గడ్డి మోకాలెత్తు పెరిగింది. తుపాకి మందు గడ్డికి మంచి ఎరువని మీకు తెలుసు, ఆ మడి సంగతి మాత్రం నాకూ ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు.

చివరి తూటా విప్పాక ఆయన నన్ను అడిగారు. "చెప్పాలా వద్దా అని ఎంతసేపు కొట్టుకున్నావు?" ఒక రాత్రి, ఒక పూట అన్నాను. ఆయన కళ్ళు దించుకున్నారు. "నయమే అమ్మాయ్. నాకు పదకొండేళ్ళు పట్టింది."

మిత్రులారా, ఈ సంగతి క్లబ్బులో పాతవాళ్ళకు తెలుసు, కొత్తవాళ్ళకు తెలియదు. డ్వేన్ హౌక్ గారు ముందు వరసలో ఉన్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాను. "చెప్పెయ్. దాచిపెడితే వాడికే నచ్చదు" అన్నారాయన.

డ్వేన్ గారి ఎడమచేతికి రెండు వేళ్ళు సగమే ఉన్నాయి. వాళ్ళిద్దరూ కుర్రవాళ్ళుగా ఉన్నప్పుడు, ఓర్విల్ గారు నింపిన తూటాలు డ్వేన్ గారు తన రివాల్వరులో పెట్టి కాల్చారు. మూడోదానికి రివాల్వరు పగిలిపోయింది. పాత తుపాకి, ఉక్కు పాడైందన్నారందరూ. డ్వేన్ గారూ అదే నమ్మారు. ఓర్విల్ గారికి మాత్రం తెలుసు. ఆరోజు ఎవరో వస్తే కబుర్లు చెబుతూ మందు పోశారు. ఒక గొట్టంలో రెండుసార్లు పడింది. స్నేహితుణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్ళింది ఆయనే. నోరు విప్పనిదీ ఆయనే.

పదకొండేళ్ళ తర్వాత, ఇదే హాల్లో, వార్షిక సమావేశంలో లేచి నిలబడ్డారు. "డ్వేన్, ఆ రివాల్వర్‌ది ఏ తప్పూ లేదురా. తప్పు నాది" అన్నారు. డ్వేన్ గారు లేచి బయటికి వెళ్ళిపోయారట. స్నేహం తెగిందనే అనుకున్నారు అందరూ. కాసేపటికి రెండు కప్పుల కాఫీతో తిరిగొచ్చి, ఒకటి ఓర్విల్ గారి చేతిలో పెట్టి, "పదకొండేళ్ళు ఆ తుపాకి చేసినవాణ్ణి తిట్టిపోశాను కదరా. ఇప్పుడు ఆ తిట్లన్నీ నీకు వినిపించాలంటే తెల్లారిపోతుంది. ముందు ఇది తాగు" అన్నారట.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం అంటారు. కాలింది తన చేతులు కాదు, అదే ఆయన బాధ. ఆరోజు నుంచి ఆయన రెండే మాటలు పట్టుకున్నారు. ఇంకొకరు నింపిన తూటా కాల్చకు. నువ్వు నింపింది ఇంకొకరికి ఇవ్వకు. నాలాంటివాళ్ళకు నేర్పడం మొదలుపెట్టిందీ అప్పుడే. "నావి అడగొద్దు. రా, నువ్వే నింపుకో" అనేవారు. ఆయన గరాజు అలా తెరుచుకుంది.

అది మూసుకున్నది కూడా ఆయన మాటతోనే. రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం యాభై గొట్టాల్లోకీ టార్చి వేసి చూశారు. చూశారో లేదో గుర్తులేదు. మళ్ళీ చూశారు. మళ్ళీ గుర్తులేదు. తేరుకునేసరికి యాభైకీ గుండ్లు బిగించేసి ఉన్నాయి. నలభై ఏళ్ళలో మొదటిసారి వెర్నా గారిని గరాజులోకి పిలిచారు. "ఈ తలుపుకి తాళం వెయ్యి. చెవి నేనడిగినా ఇవ్వకు" అన్నారు. ఇంతకంటే ధైర్యమైన పని నేను చూడలేదు. తనకు ప్రాణమైనదాన్ని, ఎవరూ అడగకముందే, తన నోటితోనే వద్దనుకున్నారు.

ఆ యాభయ్యే ఇవి. ఆయన పెట్టెలన్నిటి మీదా చీటీ ఉంటుంది. తేదీ, మందు పేరు, తూకం, సంతకం. దీని మీద చూడండి. తేదీ లేదు, తూకం లేదు, సంతకం లేదు. వణికే చేత్తో రాసిన ఒక్క ప్రశ్నార్థకం ఉంది. విప్పే సత్తువ అప్పటికి చేతుల్లో లేదు. అందుకని మనకు ఆ గుర్తు పెట్టి వెళ్ళారు.

వెర్నా గారూ, నన్ను క్షమించండి. వీటిని కాల్చం. ఒక్కటి కూడా కాల్చం. డ్వేన్ గారూ, "మొదటిది నేనే కాలుస్తా, వాడి తూటా అంటే నాకేం భయం" అన్నారు మీరు. ఆ మాటకు మీ ముందు తల వంచుతున్నాను. కానీ మీకు మిగిలిన ఎనిమిది వేళ్ళనూ ఆయన ఎలా చూసుకున్నారో మీకు తెలుసు. ఈ యాభైలో ఒక్కటి తప్పుగా ఉన్నా, ఆయన్ని రెండోసారి చంపినవాళ్ళం అవుతాం.

శనివారం పొద్దున నేనూ డ్వేన్ గారూ గరాజుకి వస్తాం. తాళంచెవి మాకివ్వండి. ఆయన బల్ల దగ్గర కూర్చుని, యాభైనీ ఒక్కొక్కటిగా విప్పుతాం. నేలకేసి కొట్టే ఆ సుత్తి చప్పుడు గోడ ఇవతల మీకు వినిపిస్తుంది. మీరు వినాలనుకున్న ఆయన చేతి చప్పుడు అదే, వెర్నా గారూ. వంటయ్యాక తువ్వాలు మేకుకి తగిలించండి. తర్వాత ఆ మందు పెరట్లో జల్లుతాం. జూన్‌లో మీ కిటికీలోంచి చూద్దురుగాని.

ఇవాళ ఈ కొండల్లో తుపాకి మోగదు. మోగనప్పుడు ఏం చెయ్యాలో ఆయనే మనకు నేర్పారు.

దయచేసి అందరూ లేవండి. కాఫీ కప్పులు కింద పెట్టండి. ఆయన రేంజి వైపు, ఆ కొండవైపు తిరగండి. ఎవరూ మాట్లాడొద్దు. ఎవరూ తొందరపడొద్దు. మనసులో ముప్పై దాకా లెక్కపెడదాం.

పేలనంత మాత్రాన పనైపోయిందనుకోవద్దు.

ఒకటి.