ఎవరి ఉన్ని వారికే: మెర్తా స్యోగ్రెన్ గారి వీడ్కోలు వేళ

1984వ సంవత్సరం ఆగస్టు ఇరవయ్యో తేదీ సోమవారం ఉదయం, గోత్లాండ్ ద్వీపపు దక్షిణ భాగాన ఉన్న మా స్తెన్‌మూర్ నూలు మిల్లులో శ్రీమతి మెర్తా స్యోగ్రెన్ గారు టెలిఫోను గుమాస్తాగా ప్రవేశించారు. తడి ఉన్ని వాసనకు తల తిరిగిపోతుంటే ఆమె కిటికీ దగ్గర నిలబడి, "ఈ కంపు ఎప్పటికైనా అలవాటవుతుందా అండీ?" అని అప్పటి యజమానిని అడిగారట. "అలవాటు మాట దేవుడెరుగు, సెలవుల్లో ఇంట్లో కూర్చుంటే మాత్రం దీని మీద బెంగ పెట్టుకుంటావమ్మాయ్" అన్నారట ఆయన. ఆ మాట అక్షరాలా నిజమైందని ఆమె భర్త ఇప్పటికీ విసుక్కుంటూ ఉంటారు.

మా మిల్లుకు ఒక ఆచారం ఉంది. ఏ ఇంటి గొర్రెల ఉన్నిని ఆ ఇంటికే నూలుగా వడికి తిరిగి పంపుతాం. ఎంత మేలిరకమైనా సరే, ఒకరి ఉన్నిలో మరొకరిది కలపం. ఈ ద్వీపంలో ప్రతి పాత కుటుంబానికీ గీతలతో గీసిన ఒక ఇంటి గుర్తు ఉంటుంది. గొర్రె చెవి మీదా, పడవ మీదా, మా మిల్లుకు వచ్చే బస్తాకు కట్టిన చెక్క బిళ్ళ మీదా అదే గుర్తు. ఆ గుర్తులను కంఠస్థం చేసి, వాటి వెనుక ఉన్న మనుషులను ఆత్మీయులను చేసుకుని, మెర్తా గారు తొలుత జీతాల విభాగానికి, 2003లో యువ యజమాని యోస్తా గారు పగ్గాలు చేపట్టిన నాటి నుండి మొత్తం కార్యాలయానికి సారథ్యం వహించారు.

వారి సుదీర్ఘ సేవలో శిఖరప్రాయమైన ఘట్టం 2013లో సంభవించింది. లెక్కలకూ సరుకుకూ మేము ఏళ్ళ తరబడి వాడిన సాఫ్ట్‌వేరు మొరాయించింది. దాన్ని రాసిన పెద్దమనిషి కాలధర్మం చెందారు. దాన్ని బాగుచేయగలవారు మరొకరు లేరు. ఇక మూడే మార్గాలు మిగిలాయి. పెద్ద కర్మాగారాలు వాడే, సిద్ధంగా దొరికే సాఫ్ట్‌వేరును ఏకంగా కొనుక్కోవడం, నెలనెలా చందా కట్టి ఇంటర్నెట్ ద్వారా వాడుకోవడం, లేదా మా పనికి తగినట్టు ప్రత్యేకంగా రాయించుకోవడం. స్వెటరు కొనుక్కోవాలా, అద్దెకు తెచ్చుకోవాలా, అల్లించుకోవాలా అన్నట్టే ఉంది మా పరిస్థితి.

యోస్తా గారి మనసు మొదటిదాని మీద పడింది. అమ్మకందారు అవతలి ఒడ్డు నుండి ఓడ దిగి వచ్చి, తెర మీద రంగురంగుల పటాలు చూపి, మా అందరినీ మంత్రముగ్ధులను చేసి వెళ్ళాడు. మెర్తా గారు మాత్రం ద్వీపంలోని చిన్న సంస్థలన్నిటికీ తిరిగారు. పడవలు కట్టేవారినీ, రొట్టెలు కాల్చేవారినీ, సున్నపురాయి కోసేవారినీ కలిసి, కొత్త సాఫ్ట్‌వేరు ఏమేం చేస్తుందని అడగకుండా, "అది వచ్చాక మీరేం చెయ్యడం మానేశారు?" అని అడిగారు. ఇంత సూటి ప్రశ్న మాలో ఇంకెవరికీ ఎందుకు తోచలేదా అని ఈనాటికీ మాకు అబ్బురమే. రొట్టెల దుకాణం యజమానురాలు చాలాసేపు ఆలోచించి, పాత ఖాతాదారులకు పుట్టినరోజున చిన్న రొట్టె పంపే అలవాటు పోయిందని, దానికి ఆ సాఫ్ట్‌వేరులో చోటు లేదని చెప్పిందట.

ఇంత తెలుసుకుని కూడా, నిర్ణయం జరిగిన రోజున మెర్తా గారు పెదవి విప్పలేదు. మా దేశంలో కార్యాలయ నిర్ణయాలన్నీ పదిగంటల కాఫీ బల్ల దగ్గరే జరుగుతాయి కదా! యోస్తా గారు దాల్చినచెక్క బన్నుల పళ్ళెం ముందుకు తోసి, "పెద్దదే కొందాం. ఎవరికైనా అభ్యంతరమా?" అన్నారు. అందరం కప్పుల్లోకి చూశాం. అందరూ ముచ్చటపడుతుంటే తానొక్కతే అడ్డుపుల్ల వేయడం మర్యాద కాదనుకున్నారు మెర్తా గారు. "అయితే అందరం ఒక్కమాట మీద ఉన్నామన్నమాట" అని యోస్తా గారు లేచారు. సంతకానికి ముందు కొన్ని వారాలు వాడి చూడడానికి మాత్రం ఏర్పాటు జరిగింది.

ఆ వారాల్లోనే బుర్గ్స్‌విక్ ఊరి నుండి అల్గోత్ గారి బస్తాలు వచ్చాయి. ఆ ముసలాయన భార్య ఎబ్బా తన జీవితమంతా పెట్టి పెంచుకున్న నల్ల గొర్రెల మంద అది. ఆమె పోయాక ఆయన మందను అమ్మేశారు. అమ్మేముందు కత్తిరించిన ఆఖరి ఉన్ని ఇది. దానితో మనవరాలికి స్వెటరు అల్లించాలని ఆయన కోరిక. కొత్త సాఫ్ట్‌వేరుకు ఇంటి గుర్తులు తెలియవు. దాని లెక్కలో ముదురు రంగు మొదటి రకం ఉన్ని అంతా ఒకే రాశి. ఏ బస్తా దగ్గరగా ఉంటే అది తీసుకొమ్మని యంత్రశాలకు చీటీ పంపింది.

కార్యాలయంలో ఆ చీటీ నకలు చూడగానే మెర్తా గారు కుర్చీలోంచి లేచారు. కోటు కూడా వేసుకోకుండా ఆవరణ దాటి పరుగెత్తారు. ఉన్నిని దువ్వి ఏకే యంత్రం ముందు బల్ల మీద మూడిళ్ళ ఉన్ని కలగలిసి పడి ఉంది.

"ఆపు రూనే! యంత్రం ఆపు!"

"ఇలా మధ్యలో ఆపితే బెల్టు తెగుద్ది మెర్తా!" అన్నాడు యంత్రం నడిపే రూనే.

"తెగనీ. బెల్టు కొనుక్కుందాం. ఎబ్బా గొర్రెల్ని ఎక్కణ్ణుంచి తెస్తావు?"

బెల్టు తెగింది కూడా. ఎబ్బా ఉన్నిలో ఒక దోసెడు అప్పటికే రోలర్లలో పడి కలిసిపోయింది. మెర్తా గారు అక్కడి నుండే అల్గోత్ గారికి ఫోను చేసి, జరిగినదంతా దాచకుండా చెప్పారు.

"ఎబ్బా ఉండుంటే ఆ దోసెడు కోసం నీతో పెద్ద యుద్ధమే చేసేదమ్మాయ్" అన్నారు ఆ పెద్దాయన. "నాకా పోట్లాడ్డం చేతకాదు. మిగిలిందాన్ని జాగ్రత్తగా చూడు."

మెర్తా గారు యంత్రశాల నేల మీద దుప్పటి పరచి కూర్చున్నారు. ఎబ్బా గొర్రెల ఉన్ని కొసలు ఎండకు గోధుమరంగు తిరిగి ఉంటాయి. ఆ గుర్తు పట్టుకుని పాయపాయగా వేరుచేయడం మొదలుపెట్టారు. ఎవరినీ పిలవలేదు. అయినా లెక్కల విభాగం కైసా వచ్చి పక్కన కూర్చుంది; రూనే వచ్చాడు; యోస్తా గారు కూడా చొక్కా చేతులు మడిచి కూలబడ్డారు.

"నాకా సాఫ్ట్‌వేరు మొదట్నుంచీ నచ్చలా" అంది కైసా తల ఎత్తకుండా.

"మరా రోజు నోట్లో ఏం పెట్టుకున్నావ్?" అన్నాడు రూనే.

"నువ్వు తల ఊపావుగా! నీకు నచ్చిందేమోనని ఊరుకున్నా."

"ఊపానా! కాఫీ కాలిపోతుంటే ఊదుకుంటున్నా తల్లీ!"

"నాకూ గుండెల్లో గుబులుగానే ఉండేది" అన్నారు యోస్తా గారు మెల్లగా. "మీరంతా ఆశపడ్డారు, కాదంటే చిన్నబుచ్చుకుంటారని..."

మెర్తా గారు చేతిలోని ఉన్ని ఒళ్ళో పెట్టుకుని అందరినీ చూశారు. "అంటే మనలో ఒక్కరికి కూడా అక్కర్లేనిదాన్ని అందరం కలిసి కొనబోయామా?" అన్నారు. రూనే ముందు నవ్వాడు. తర్వాత ఎవరికీ నవ్వు ఆగలేదు.

ఆ నేల మీదే అసలైన నిర్ణయం జరిగింది. జీతాలు, పన్నులు, లెక్కలు ఊరందరికీ ఒకటే గనుక వాటికి నెలవారీ చందా చాలునన్నారు మెర్తా గారు. ఎవరి ఉన్ని వారికి చేర్చడం మన మిల్లు ఒక్కదాని పని గనుక ఆ కాస్త భాగాన్ని మాత్రం విస్‌బీ పట్టణంలో ప్రోగ్రాములు రాసే ఒక అమ్మాయి చేత రాయించుకుందామన్నారు. రాసినదంతా మిల్లు సొత్తుగా ఉండాలని, రేపు ఆ అమ్మాయి లేకపోయినా మరొకరు విప్పి బాగుచేయగలిగేలా ఉండాలని షరతు పెట్టించారు. నేటికీ మా తెర మీద ప్రతి బస్తా పక్కనా దాని ఇంటి గుర్తు కనబడుతుంది. ఎంత వదులుకోవచ్చో, ఏది వదులుకోకూడదో అంత స్పష్టంగా ఎరిగిన మనిషి పక్కన ఇన్నేళ్ళు పనిచేశామంటే మాకే నమ్మశక్యంగా లేదు.

కాఫీ బల్లకు కూడా ఆమె ఒక కట్టుబాటు పెట్టారు. ఏ నిర్ణయమైనా సరే, కొత్తగా చేరినవారితో మొదలుపెట్టి యజమాని వరకు ప్రతి ఒక్కరూ అవునో కాదో నోరు తెరిచి చెప్పాలి. కప్పులోకి చూడడం జవాబు కాదు. ఆ తరువాతి శీతాకాలం అల్గోత్ గారు మనవరాలిని వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చారు. నల్లని స్వెటరు వేసుకున్న ఆ పిల్లను మెర్తా గారి ముందు నిలబెట్టి, "ఎబ్బాకి నీ మీద కోపం పోయిందమ్మాయ్" అన్నారు. మెర్తా గారు ఆ స్వెటరు చెయ్యి పట్టుకుని, మా అందరి ఎదుటా ఏడ్చేశారు.

మాన్యులైన మెర్తా గారు ఆయురారోగ్యాలతో, భర్తతో, మనవలతో, సముద్రపు గాలికి అరిగిపోని మోకాళ్ళతో చిరకాలం సుఖంగా జీవించాలని, బెంగ పుట్టినప్పుడల్లా తడి ఉన్ని వాసన పీల్చుకోవడానికి మా గడప తొక్కాలని హృదయపూర్వకంగా కోరుకుంటున్నాం. మొన్న కాఫీ బల్ల దగ్గర యోస్తా గారు వారి పదవీ విరమణ ప్రస్తావన తెచ్చినప్పుడు, వారు పెట్టిన కట్టుబాటు ప్రకారం కొత్తగా చేరిన ఉద్యోగి నుండి మొదలై ఒక్కొక్కరం నోరు తెరిచి "నాకు సమ్మతం కాదు" అనే చెప్పాం. శుక్రవారం నాడు వీడ్కోలు విందులో మా ద్వీపపు కుంకుమపువ్వు పాన్‌కేకులు తిని, వారు కోటు తొడుక్కుని గుమ్మం దాటేవేళ బహుశా మాలో ఎవరికీ గొంతు పెగలదు. మెర్తా గారూ, ఆ మౌనాన్ని మాత్రం మా అంగీకారంగా తీసుకోవద్దని మనవి.