పిల్లల బ్యాండు

ఆ బీచ్ రిసార్టులో తిండీ తాగుడూ అన్నీ గది అద్దెలోనే. చేతికి రిసార్టు వాళ్లు కట్టిన బ్యాండు ఉంటే చాలు. భర్త లోపలికి రాగానే ఆమె తలుపు మూసింది.

“బార్ దగ్గర మిమ్మల్ని చూశాను.”

“వెళ్లాను.”

“మానేశానని బిడ్డ మీద ఒట్టేశారు కదండీ!”

అతను చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“పసుపు బ్యాండా? ఇది పిల్లలకిచ్చేది కదా?”

“పొద్దున్నే కౌంటర్లో అడిగి మార్పించుకున్నా. ఇదుంటే మందు పొయ్యరు.”

ఆమె ప్రాణం కుదుటపడబోయి ఆగింది. “మరి బార్‌కెందుకు వెళ్లారు?”

“నాలిక పీకేసింది. అడిగేశా. బార్‌లో పోసేవాడు బ్యాండు చూసి, నవ్వి, పళ్లరసం చేతిలో పెట్టాడు.”

ఆమె చూపు తన మణికట్టు మీదున్న పెద్దవాళ్ల నీలం బ్యాండు మీద పడింది.

“అదే చెబుదామని వచ్చా. సాయంత్రం నిన్ను వెళ్లి ఒక్క గ్లాసు మందు తెమ్మని బతిమాలతాను. కాళ్లు పట్టుకున్నా తేకు.”