తీసేసిన వాక్యం

మధ్యాహ్నం ఓపీ ముగిసిన పిల్లల ఆసుపత్రిలో డాక్టరు గది. పిల్లల తల్లులు కూర్చునే కుర్చీలో ఆయన అక్క కూర్చుని ఉంది. తాగునీటి మీద ప్రభుత్వానికి సలహా చెప్పే శాస్త్రజ్ఞుల కమిటీకి ఆవిడ అధ్యక్షురాలు.

“మీ కమిటీ నివేదిక మొత్తం చదివానక్కా. రెండుసార్లు చదివా. ఆ వాక్యం లేదు.”

“ఏ వాక్యం?”

“ఏ వాక్యమని నన్నడుగుతావా? సీసపు గొట్టాలన్నీ వెంటనే మార్చాలి అన్నది. పోయిన నెల ఫోన్లో నువ్వే చదివి వినిపించావు.”

“అది ముసాయిదారా. ముసాయిదాలో సవాలక్ష ఉంటాయి.”

“ఇప్పుడేముందో తెలుసా? ‘మరింత అధ్యయనం అవసరం.’ ఇంకా ఏం అధ్యయనం? నాలుగు వందల మంది పిల్లల రక్తం తీసిచ్చాను నీకు. సగం మందిలో సీసం ఉంది.”

“కాదన్నానా? నీ లెక్కలన్నీ పెట్టాం. చివర్లో, అనుబంధంలో.”

“అనుబంధం ఎవరు చదువుతారక్కా?”

“కాసిని మంచినీళ్లియ్యి.”

“ఇదిగో. భయపడకు, కుళాయివి కావు.”

“దెప్పకురా.”

“దెప్పట్లేదు. కమిటీలో ఐదుగురున్నారు కదా, వద్దన్నదెవరు? గొట్టాల కంపెనీకి పనిచేసొచ్చాడన్నావే, ఆ ముసలాయనా?”

“ఆయన్నేమీ అనకు. అందరికంటే ముందు సంతకం పెట్టింది ఆయనే. మార్చాలి అన్నదాని కిందే పెట్టాడు.”

“మిగతా వాళ్లు?”

“వాళ్లూ పెట్టారు.”

“అయితే మంచినీటి శాఖవాళ్లు పిలిచి బెదిరించారన్నమాట.”

“ఈ ఫ్యానేంట్రా, ఇంత చప్పుడు చేస్తోంది?”

“అక్కా.”

“చెప్తున్నా కదా. నివేదిక అచ్చుకెళ్లే వారమే మా పరిశోధన సంస్థ నిధుల ఫైలు కూడా ఆ శాఖలోనే ఉంది. సలహా అడిగేదీ వాళ్లే, పరిశోధనకి డబ్బిచ్చేదీ వాళ్లే. నన్ను నమ్ముకుని పదకొండు మంది పనిచేస్తున్నారు. గొట్టాలు మార్చడమంటే దేశమంతా తవ్వాలి. అంత బరువు వాళ్ల నెత్తిన పెడితే మా ఫైలు అటకెక్కిస్తారేమోనని...”

“అటకెక్కిస్తామన్నారా?”

“అనలేదు.”

“పోనీ, సూచనగా ఏమైనా?”

“లేదు.”

“మరి?”

“ఎవరూ ఏమీ అనలేదురా. అచ్చుకి పంపే ముందురోజు గదిలో ఒక్కదాన్నే ఉన్నా. ఆ వాక్యం చూశా. చూసి చూసి కొట్టేశా. శాఖవాళ్లు కాస్త మెత్తగా రాయమన్నారని మిగతా నలుగురికీ ఉత్తరం పెట్టా. నమ్మారు. పెద్దదాన్ని కదా.”

“వాళ్లు అనని మాట వాళ్ల మీద పెట్టావా?”

“పెట్టా.”

“కంచే చేను మేసిందన్నమాట. ఫైలేమైంది?”

“నాలుగేళ్లకి సరిపడా డబ్బు మంజూరైంది. మరింత అధ్యయనం చెయ్యమని.”

“అంటే మళ్లీ రక్తం కావాలి. ఈసారి ఎంతమందిది? వెయ్యా?”

“అందుకు రాలేదురా.”

“ఆ తల్లులకి నేనేం చెప్పానో తెలుసా? సూది ఈ ఒక్కసారేనమ్మా, మా అక్క రాస్తే ప్రభుత్వం వింటుంది అన్నాను. ఒకావిడ ముగ్గుర్నీ తీసుకొచ్చింది. నువ్వు కూర్చున్న చోటే కూర్చుంది. చిన్నవాడికి నాలుగేళ్లు, రెండు మాటలు కలిపి పలకలేడు. వాణ్ణి ఆవిడే గట్టిగా పట్టుకుంది, నేను సూది గుచ్చాను.”

“చాల్రా.”

“నీకు కాక ఎవరికి చెప్పుకోను?”

“చెప్పు. నాకే చెప్పు.”

“...ఏడవకు. పోనీ, నువ్వు రాసినా వాళ్లు చేసేవాళ్లు కాదేమోలే. మన మాట వాళ్లెప్పుడు విన్నారు గనక.”

“నేనూ అదే అనుకున్నా. నివేదిక బయటికొచ్చి పది రోజులైంది కదా, పది రోజులూ ఆ మాట తల కింద పెట్టుకునే పడుకున్నా.”

“మరి ఇవాళ చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చావు?”

“పొద్దున శాఖ కార్యదర్శి ఫోన్ చేశాడు. మర్యాదస్తుడు. కోపంగా కూడా మాట్లాడలేదు. ఎందుకు వెనక్కి తగ్గారు మేడమ్ అని మాత్రం అడిగాడు.”

“ఏం చెప్పావు?”

“ఆధారాలు చాల్లేదన్నా.”

“ఆయనేమన్నాడు?”

“‘మీరు మార్చమంటారనే నమ్మకంతో ఉత్తర్వు టైపు చేయించి, డబ్బు పక్కన పెట్టించి, మీ ఒక్క వాక్యం కోసం కూర్చున్నాను మేడమ్. నిన్నే ఆ డబ్బు రోడ్లకి రాసిచ్చేశారు’ అన్నాడు.”