మల్వీనాకి నేను చెప్పిన మాట

అంతా మీవల్లే! మీరేమో ఈ సమాధి రాయి కింద హాయిగా పడుకున్నారు, ఇంట్లో తిట్లు తినేది నేను. పొద్దుట్నించీ మన అమ్మాయి ఇర్మా నాతో మాట్లాడలేదండీ. దాని కూతురి బొమ్మ పగలగొట్టానట. అవును, పగలగొట్టాను! మళ్లీ తెస్తే మళ్లీ పగలగొడతాను.

ఏం బొమ్మనుకున్నారు? గోలెం! ఆ మట్టిమనిషే. ప్రాగ్‌లో ఏ కొట్టు చూసినా వాడే. కాఫీ కప్పుల మీదా వాడే! పూర్వం మన మతగురువు రబ్బీగారు నది మట్టితో చేశారట, మన యూదుల్ని కాపాడాడట, ప్రార్థనాలయం అటక మీద ఇంకా పడుకునే ఉన్నాడట. చాల్లెండి!

మీరు మాత్రం తక్కువా? పండగ భోజనాల్లో ప్రతిసారీ అదే కథ ఎత్తుకునేవారు. నేను లేచి వంటింట్లోకి పోయేదాన్ని. "మా హెర్మీనాకి కథలు పడవు" అని నవ్వేవారు. ఎందుకు పడవో ఒక్కసారైనా అడిగారా?

...అడిగారు లెండి. నేనే చెప్పలేదు.

మా చెల్లి మల్వీనా జ్వరంతో పోయిందని చెప్పాను కదూ? అబద్ధం.

నలభై రెండులో నాజీలు మమ్మల్ని తెరెజీన్ శిబిరానికి తోలారు. దానికి ఆరేళ్లు, నాకు పదహారు. అమ్మ అప్పటికే లేదు. రైల్లో ఒకటే ఏడుపు. ఏం చేయను? "ఊరుకోవే, గోలెం వస్తాడు, నిన్ను భుజానెక్కించుకుని ఇంటికి తీసుకుపోతాడు" అన్నాను. టక్కున ఊరుకుంది, పిచ్చిది.

చలి మొదలయ్యేసరికి తూర్పుకి పోయే బండి జాబితాలో దాని పేరొచ్చింది. ఆ బండ్లలో పోయినవాళ్ల కబురే వచ్చేది కాదు. నర్సు గ్రేటా దేవతండీ. "జబ్బు చేసినట్టు పడుకోబెట్టు, రోగుల్లో రాసేస్తా, ఈ బండి తప్పుతుంది" అంది. పడుకోబెట్టాను. కళ్లు తెరవకే తల్లీ అని వెయ్యిసార్లు చెప్పాను.

అధికారి వచ్చి దుప్పటి లాగాడు. "ఏం పాపా, ప్రయాణం చేయలేవా?" అన్నాడు.

ఇది లేచి కూచుంది. "ఎందుకు చేయలేను? దార్లో గోలెం వస్తాడుగా, అక్క చెప్పింది!" నవ్వుతూ అందండీ, నవ్వుతూ!

వాడు రోగుల జాబితాలో దాని పేరు కొట్టేశాడు.

బండెక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగింది. నన్ను చూడ్డానికి అనుకుంటున్నారేమో. కాదు. నా వెనకాల గోలెం వస్తున్నాడేమోనని.

నేనూ ఎక్కుతానంటే అడ్డుకునేవాడెవడూ లేడు. ఒక్క మాట చాలు.

అనలేదండీ.